తాడు పట్టే మనిషి

మా వదిన కొండలెక్కడానికి ఇటలీ దేశం పోతందన్న కబురు మాచర్లంతా తిరిగి తిరిగి ఆఖర్న నా దగ్గరికొచ్చింది. నేను ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిని. గుండిగ ముందు నిలబడి పప్పు ఎనుపుతా ఉంటే వాచ్‌మెన్ దావూద్ వచ్చి, ఏంది పున్నమ్మక్కా, మీ వదిన ఫారిన్ పోతందంటగా, మాట మాత్రం చెప్పలేదే అని నిష్ఠూరమాడాడు. నాకే దిక్కులేదు, నీకేం చెప్పేదిరా నాయనా అనుకుని, పప్పుగుత్తి అక్కడే పడేసి, కొంగు దోపుకుని బయల్దేరా. నాకు కోపం ముక్కు మీదే ఉంటది. మా అయ్య దగ్గర్నుంచి వచ్చింది, నేను కొని తెచ్చుకున్నది కాదు.

మా వదిన పేరు ఆరోగ్యమ్మ. గర్ల్స్ హైస్కూల్లో డ్రిల్లు టీచరు. పుట్టింది ఎడ్లపాడు. కొండవీడు కొండ కింద మేకలు కాసుకుంటా పెరిగింది. మేక ఎక్కిన చోటికల్లా తనూ ఎక్కేదంట. కాలేజీలో ఎన్‌సీసీలో ఉంటే, ఆ ఎక్కడం ఎవరో పెద్దాఫీసరు కంటబడి, ఉత్తరాదిన కొండలెక్కడం నేర్పే చోటికి పంపించాడు. అక్కడ మంచులో ఉండి తాళ్ళూ, మేకులూ, కొక్కేలూ అన్నీ నేర్చుకుని వచ్చింది. పెళ్ళిచూపుల్లో పిల్ల చేతుల నిండా గీరుకుపోయిన మచ్చలు చూసి మా పెద్దమ్మ జడుసుకుంది. మా అన్న ఐజాక్ మాత్రం చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటా అని భీష్మించుకుని కూర్చున్నాడు. మా అన్న పుట్టి బుద్ధెరిగాక చేసిన తెలివైన పని అదొక్కటే.

నేను పోయేసరికి ఇంట్లో ముందు గది గోడంతా బొగ్గుతో గీసిన గీతలు. కిందటి క్రిస్మస్‌కి నేనే సున్నం వేసిన గోడ. నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచానో లేదో, వదిన నా చేయి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కుపోయింది. ఇటలీలో తను ఎక్కబోయే కొండంట అది. అరచేతిలో పట్టేంత ఫోటో చూసి, గళ్ళు కొట్టుకుని, గోడంత చేసి దించింది. మన నాపరాయి జాతేనంట, కాకపోతే మనది పడుకుని ఉంటది, అది నిలబడి ఉంటది. ఇదిగో పున్నమ్మా, ఈ పగుల్లో చేయి పట్టుద్ది, ఇక్కడ బొటనవేలొకటే ఆనుద్ది, ఇదిగో ఇక్కడ ఇద్దరం కూర్చుని ఊపిరి తీసుకోవచ్చు అని చెప్పుకుంటా పోయింది. చూడని కొండని అత్తగారి వాకిలంత తెలిసినట్టు చెప్తంది. తిడదామని పోయిన దాన్ని, నోరు తెరుచుకుని వింటా నిలబడ్డా.

అంతా విన్నాక గాని 'ఇద్దరం' అన్న మాట నా చెవికెక్కలేదు. ఇంకొకరెవరు అని అడిగా.

అప్పుడు సంగతి చెప్పింది. ఉత్తరాదిన తనతోపాటు నేర్చుకున్న బియాంకా అని ఒక ఇటలీ ఆమె ఉంది. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళే పెట్టుకున్న కొండల క్లబ్బుంది. వచ్చే ఎండాకాలం దేశదేశాల ఆడవాళ్ళని పిలుస్తన్నారు. రాకపోకలూ తిండీ అన్నీ వాళ్ళవే. ఒక్కటే షరతు, జంటగా రావాలి. ఒకరు ఎక్కితే ఒకరు తాడు పట్టాలి. తాడు పట్టే మనిషిని అక్కడ వాళ్ళివ్వరు, ఎవరి మనిషిని వాళ్ళే తెచ్చుకోవాలి. మనిషి దొరక్కపోతే ప్రయాణమే లేదు. ఆ రెండో మనిషివి నువ్వేనని మామయ్య, అదే మీ అయ్య, చెప్పాడు, నిన్నడగడానికి భయమేసి ఇన్నాళ్ళూ తాత్సారం చేశా అంది వదిన.

భయం ఎందుకో మీకు తెలియాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. మాది బావులు తవ్విన ఇల్లు. మా అయ్య రాజారత్నం తవ్విన బావులు పల్నాట్లో యాడబడితే ఆడ ఉన్నాయి. మా ఇంట్లో ఒక కట్టుబాటుంది. బావిలోకి దిగేవాడి నడుముకి కట్టిన తాడు వాడి బావమరిదే పట్టాలి. కూలోడు పట్టకూడదు. సొంత తండ్రీ పట్టకూడదు, తండ్రి చేతికి కంగారెక్కువ. బావమరిదైతే ఇంట్లో ఉన్న చెల్లెలు గుర్తుంటది, చేయి నిలకడగా ఉంటది. లోపలున్నవాడు తాడు గుంజితే దానికి ఒకటే అర్థం, పైకి లాగమని. ఎందుకూ ఏమిటీ అని అడగడం లేదు, లాగడమే. నేను పావడాలు కట్టుకునే రోజుల్నుంచి ఆ గట్టు మీదే ఉన్నా. మట్టి తట్టలు లాగి లాగి నా భుజాలు మగవాళ్ళ భుజాల్లాగా తయారైనయ్.

నా పెనిమిటి శౌరి కూడా ఆ పనివాడే. ఆయన తాడు మా అన్న పట్టేవాడు. గురజాల కాడ ఒక బావి తవ్వేటప్పుడు, విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ ఉద్యోగానికి పిలుపొస్తే మా అన్న ఆ పొద్దు అక్కడికి పోయాడు. ఒక్క పూటే గదా అని కూలోడికి తాడిచ్చారు. వాడు తాడుని రాతికి చుట్టి బీడీ ముట్టించుకోడానికి పక్కకి పోయాడు. లోపల మట్టిపెళ్ళ విరిగింది. శౌరి తాడు గుంజాడు. గుంజుతానే ఉన్నాడంట. లాగేవాడు లేడు. ఆ తర్వాత మా అయ్య బావుల పని మానేశాడు. మా అన్నకి ఉద్యోగమైతే వచ్చింది గాని, ఆనాటి నుంచి చేంతాడు కూడా ముట్టడు. నీళ్ళు కావాలంటే వదినే తోడాలి. భార్య కొండలెక్కుతుంటే మొగుడే తాడు పట్టొచ్చుగా అని ఊళ్ళోవాళ్ళు అడుగుతుంటారు. పట్టడు. మేమూ అడగం.

ఆ సాయంత్రం నేను మా అయ్య మంచం దగ్గరికి పోయి గట్టిగానే అడిగా. ఏందయ్యా నీ పెత్తనం, నేను వంటదాన్ని, నాకు ఇటలీ ఏంది, కొండలేంది అని. ఆయన తాపీగా చుట్ట ఆర్పి, నా మొహంలోకి చూశాడు.

"మగోడు దిగితే బావమరిది పట్టాలి. ఆడది ఎక్కితే ఆడబిడ్డ పట్టాలి. న్యాయం అదే గదా," అన్నాడు. "నీకు మొగుడు లేడు. నీకున్నది మీ అన్న ఇల్లొక్కటే. ఆ ఇంటిని నువ్వు కిందపడనిస్తావటే?"

లేచి పోయి వదినతో సరేనన్నా.

ఇక చూడండి నా అవస్థ. ఆదివారం గుడిలో ప్రార్థన అయిపోగానే వదిన నన్ను ఊరవతల పాత నాపరాయి క్వారీకి తోలుకుపోయేది. తాడు ఒక కొన తన నడుముకి, రెండో కొన నా నడుముకి కట్టేది. మధ్యలో తాడు నా వీపు చుట్టూ తిప్పి, నా చేతులకి తోలు తొడుగులు తొడిగి, నన్ను ఒక చెట్టుకి కట్టేసేది. చెట్టుకి కట్టేసిన గేదెలా నేను, పైన బల్లిలా ఆమె. ఎక్కుతా ఎక్కుతా బండ సందులో మేకు కొట్టి, దానికి కొక్కెం తగిలించి, అందులో నుంచి తాడు పోనిచ్చేది. చేయి జారితే ఆ కొక్కెం దాటి కిందికొచ్చుద్ది, అప్పుడు నేను ఆపాలి. 'వదులు' అని అరిస్తే తాడు వదులివ్వాలి. అదే నాకు ప్రాణం మీదికొచ్చేది. తాడు చేతిలో నుంచి జారిపోతా ఉంటే నా పిడికిలి దానంతటదే బిగుసుకునేది. మూతి ముడుచుకుని, గొణుక్కుంటా ఇచ్చేదాన్ని.

కానీ ఆమె ఎక్కడం చూడాలి. నేను చానామంది పనివాళ్ళని చూశా. ఇట్టాంటి మనిషిని చూడలా. తొందర లేదు, తడబాటు లేదు. చేయి పెట్టే ముందు రాతిని తడిమి చూస్తది, ఆలోచిస్తది, అప్పుడు గాని బరువు మోపదు. నచ్చకపోతే సిగ్గుపడకుండా వెనక్కి దిగుద్ది. పొద్దున స్కూల్లో విజిలేసుకుంటా పిల్లల్ని పరిగెత్తించే మనిషేనా ఈమె అనిపించేది. హాస్టలు పిల్లలు అన్నాలు కూడా తినకుండా వచ్చి చూసేవాళ్ళు. మా వదినమ్మా అని నేను చెప్పుకునేదాన్ని, తాడు నా చేతిలోనే ఉందని కూడా చెప్పేదాన్ని.

పాసుపోర్టు ఎంక్వైరీకి వచ్చిన హెడ్డు కానిస్టేబులు ముర్తుజా గారు, ఇటలీలో మీ పని ఏందమ్మా అని అడిగాడు. తాడు పట్టుకోవడమండీ అన్నా. ఆయన కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి, ఉద్యోగం అని రాసుకోనా, విహారయాత్ర అని రాసుకోనా అన్నాడు. మీ ఇష్టం సార్, నాకు మాత్రం విహారంలాగా లేదని చెప్పా. వదిన పగలబడి నవ్వింది. అక్కడ కారం దొరకదని నేను కారప్పొడి దంచడం మొదలుపెట్టా. అంటే నేను పోతన్నానని నాకు అప్పటికి నమ్మకం కుదిరినట్టే.

అయితే మనం అనుకుంటే చాలదు గదా. మమ్మల్ని పంపించే కాగితం మీద నరసరావుపేటలో ఆటల ఆఫీసరు మల్లికార్జునరావు గారు సంతకం పెట్టాలి. మంచాయనే, వదినంటే గౌరవం. కానీ రెండో పేరు దగ్గర ఆగిపోయాడు. వంటామెని నమ్మి నిన్ను కొండ మీదికి ఎట్టా పంపేదమ్మా, హైదరాబాదులో శిక్షణైన అమ్మాయుంది, ఆ పిల్ల పేరు రాసుకుందాం అన్నాడు. నిజం చెప్పాలంటే ఆయన మాటలో తప్పు లేదు. వదిన వినలేదు. మీరొచ్చి మా ఇద్దర్నీ కళ్ళారా చూడండి సార్, తర్వాత మీరెట్టా అంటే అట్టా అంది. చూడడానికి చోటు కూడా తనే చెప్పింది, ఎత్తిపోతల. ఇటలీ కొండ మీద గాలికి కేకలు వినపడవంట. ఎత్తిపోతల దగ్గర జలపాతం హోరుకీ వినపడవు. అందుకని అరుపులు మానేసి తాడుతోనే చెప్పుకోవాలి. ఒక్క గుంజు గుంజితే వదులివ్వాలి. ముందురోజు నాచేత పదే పదే అప్పజెప్పించుకుంది.

ఆ పొద్దు జలపాతం మంచి ఊపు మీదుంది. పక్కనున్న రాతిగోడ కింద వదిన నన్ను చెట్టుకి కట్టింది. మల్లికార్జునరావు గారు కొంచెం దూరంలో గొడుగేసుకుని నిలబడ్డాడు. మా అన్న సెలవు పెట్టి వచ్చాడు గాని, గోడకి వీపు తిప్పి మడుగు వంక చూస్తా కూర్చున్నాడు. అందులో మొసళ్ళుంటాయంట. పెళ్ళాన్ని చూడడం కంటే మొసళ్ళని చూడడమే ఆయనకి తేలిక.

వదిన ఎక్కింది. చక్కగా ఎక్కింది. ఒక పెద్ద బండ అంచు తిరిగి నాకు కనపడకుండా పోయింది. తాడు కాసేపు కదల్లేదు. అప్పుడు గుంజింది. ఒక్క గుంజు, గట్టిగా.

నేను లాగేశా.

వదులివ్వాలని నాకు తెలుసు. అడిగితే నిద్రలో కూడా చెప్తా. కానీ నా చేతులు నన్నడగలేదు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగినయ్. ఆ లాగుడికి వదిన రాతి మీంచి ఊడొచ్చింది. బండ అంచు మీదుగా ఆమె కాళ్ళు గాల్లోకి రావడం చూశా. తాడు నా నడుముని కోసినంత పని చేసింది, చెట్టు ఊగింది, నేను నేలమీద నుంచి లేచిపోయా. పళ్ళు బిగబట్టి పట్టుకున్నా. వదిన గోడకి కొట్టుకుని, వేలాడి, నిలబడింది. మోకాలి నుంచి రక్తం కారతంది.

మెల్లగా కిందికి దించా.  మల్లికార్జునరావు గారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. చల్లగా, ఇక్కడ కాబట్టి సరిపోయింది తల్లీ, ఆ హైదరాబాదు అమ్మాయి పేరే రాసుకుంటా అన్నాడు. రాసుకోండి సార్, ఈ మొహానికి ఇటలీ ఎందుకు అన్నా. మనస్ఫూర్తిగానే అన్నా. మా వదిన ఎక్కాలి, తాడు ఎవరు పట్టుకుంటే ఏంది. నావల్ల ఆమె ప్రాణం పోవాల్సింది, ఇంక నేను ఆ తాడు ముట్టను అనుకున్నా.

వదిన నీళ్ళు తాగి, మోకాలికి తుండుగుడ్డ కట్టుకుని, నా పక్కన కూర్చుంది. తిట్టలేదు. గుంజితే ఎందుకు లాగావు అని అడిగింది, నిజంగా తెలుసుకోడానికే అడిగింది.

"బావిలో గుంజితే లాగాలి వదినా," అన్నా. "లాగకపోతే మనిషి పోతాడు."

మా అన్న అప్పుడే పరిగెత్తుకుంటా వచ్చి నిలబడ్డాడు. ఆ మాట విని తల దించుకున్నాడు.  వదిన లేచి మల్లికార్జునరావు గారి ముందుకి పోయింది.

"సార్, నేను ఊడొచ్చినప్పుడు ఈమె వదల్లేదు. చూశారుగా. గుర్తులు ఎవరికైనా నేర్పుకోవచ్చు. ఇది నేర్పితే రాదు," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నీ చేయి మార్చుకోవద్దు పున్నమ్మా, నేనే గుర్తు మార్చుకుంటా. గట్టిగా గుంజితే మీ బావి లెక్కే, లాగు. వదులు కావాలంటే తలుపు తట్టినట్టు చిన్నచిన్నగా కదిలిస్తా. సరేనా?"

దొరలు పెట్టుకున్న గుర్తు, ఉత్తరాదిన నేర్చుకుని వచ్చిన గుర్తు. నాకోసం, మా బావికోసం ఒక్క మాటలో మార్చేసింది. మార్చి, మళ్ళా ఎక్కుతానంది. మల్లికార్జునరావు గారు వద్దంటానే ఉన్నాడు. ఏం మనిషమ్మా ఈమె, ఇప్పుడే ఈ చేయి లాగితేనే గదా పడింది అని నాకు దడ పట్టుకుంది. నేను వద్దన్నా ఆగదని నాకు తెలుసు. తాడు వీపు చుట్టూ తిప్పుకున్నా.

అదే రాయి, అదే అంచు. కుంటుకుంటానే ఎక్కింది. అంచు తిరిగి కనపడకుండా పోయింది. తాడు కదిలింది. టక్ టక్ టక్. ఎవరో బిడ్డ తలుపు తట్టినట్టు. నేను వదులిచ్చా. మళ్ళా తట్టింది, మళ్ళా ఇచ్చా. తాడు నా చేతుల్లో నుంచి పోతా ఉంది, ఈసారి నా పిడికిలి బిగుసుకోలేదు. పో తల్లీ పో, కావాల్సినంత పో అనుకున్నా. ఏడుస్తన్నానని నాకు తెలీదు, మా అన్న చూసి చెప్పాడు.

ఆమె గోడ చివరికి చేరింది. హమ్మయ్య, నా పని అయిపోయిందనుకుని చెట్టుకి ఆనుకున్నా. ఇంతలో కిందున్న తాడంతా చరచరా పైకి పోయి నా నడుము దగ్గర బిగుసుకుంది. గట్టిగా ఒక్క గుంజు, లాగుదామంటే నా చేతిలో తాడే మిగల్లేదు. మా అన్న వంక చూశా. నిన్ను పైకి రమ్మంటంది అన్నాడు. ఎక్కేవాళ్ళ వెనకాల తాడు పట్టినవాళ్ళూ ఎక్కాలని వదిన క్వారీలో చెప్పే ఉంటది. ఎక్కడమంటే పక్కనున్న మెట్ల దారిన పోవడమేమో అనుకున్నా. ఇటలీలోనూ కిందే నిలబడి తాడు పట్టుకుంటా, అయ్యాక అక్కడి రొట్టె తింటా అనుకున్నా.

మా అన్న వచ్చి నన్ను చెట్టు నుంచి విప్పాడు. నా నడుము దగ్గర ముడి పట్టుకుని చూశాడు. దాని మీద ఇంకో ముడి వేశాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆయన తాడు ముట్టడం అదే. 

చీర గోచీ పోసుకుని ఎక్కా. ఎట్టా ఎక్కానో అడగొద్దు. మోకాళ్ళతో, మోచేతులతో, తిట్లతో ఎక్కా. సగంలో కాలు జారి గాల్లో పడ్డా. ప్రాణం పోయిందనుకున్నా. తాడు మూరెడు జారి ఆగిపోయింది. నా అంత బరువుని ఆ బక్కమనిషి పైనుంచి పట్టుకుని ఉంది. నా బతుకులో తాడు ఈ కొసన నేనుండడం, పై కొసన నాకోసం ఒకరుండడం అదే మొదలు.

పైకి చేరి వదిన పక్కన కూలబడ్డా. ఆమె తాడు విప్పుకుంటా ఉంటే అరచేతులు చూశా. రెండూ తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. మాకున్న ఒక్క జత తొడుగులు నా చేతులకే ఉన్నాయి. నేను జారినప్పుడు వట్టి చేతుల్తో పట్టుకుంది. ఏంది వదినా ఇది అంటే, ఏముందిలే, నాలుగు రోజుల్లో తగ్గిపోద్ది అంది. గురజాల గట్టు మీద ఆ రోజు ఇట్టాంటి చేయి ఒక్కటుంటే చాలు, నా శౌరి ఈ పాటికి ఇంట్లో కూర్చుని అన్నానికి కేకలేస్తా ఉండేవాడు. ఆ చేతుల్ని నా ఒళ్ళో పెట్టుకుని చీర కొంగుతో చుట్టా.

మల్లికార్జునరావు గారు మెట్ల దారిన చుట్టూ తిరిగి, ఆయాసపడతా మా దగ్గరికొచ్చాడు. కాగితం తీసి, రెండో పేరు ఏం రాయమంటావమ్మా అని వదిననడిగాడు.  వదిన నా వంక చూసింది.

"పున్నమ్మ అని రాయండి సార్," అన్నా. "శౌరి భార్య పున్నమ్మ. ఈమె తాడు ఇంకొకరి చేతికిస్తే నేను ఊరుకోను."